చింతపండుతో తోమిన పెన్నీలు

మూడేళ్ళ కిందట అమ్మ తెనాలి నుంచి బర్మింగ్‌హామ్ వచ్చి మా దగ్గర ఆరు నెలలు ఉంది. ఒక రోజు సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి వంటింటి గట్టు మీద పాత తువ్వాలు పరిచి ఉంది, దాని మీద నా విక్టోరియా రాణి కాలం నాటి పెన్నీలు పదకొండు, వరసగా, తళతళా మెరుస్తూ ఆరుతున్నాయి. పక్కన గిన్నెలో నానేసిన చింతపండు. "ఇంత నల్లటి డబ్బులు డబ్బాలో పెట్టి దాచుకున్నావేంట్రా, గంటన్నర తోమితే గానీ మొహాలు కనపడలేదు" అంది, మెచ్చుకుంటానేమోనన్నట్టు చూస్తూ. నాకు నోట మాట రాలేదు. బాగున్నాయమ్మా అని మాత్రం అన్నాను. నూట పాతికేళ్ళకి వాటికి పట్టిన రంగు గంటన్నరలో వదిలిపోయింది.

పాత నాణేల్ని కడగకూడదు, తోమకూడదు, జేబురుమాలుతో గట్టిగా తుడవనైనా కూడదు. పాత నాణేలు పోగేసే ఈ సరదాలో దిగినవాడికి ఇది మొదటి రోజే ఎవరో ఒకరు చెప్తారు. బ్రిటిష్ పెన్నీ 1860 దాకా రాగిది, ఆ తర్వాత కంచుది. టంకశాల నుంచి వచ్చిన రోజున నిప్పుకణికలా ఉంటుంది. గాలి తగిలి, చేతులు తగిలి ముందు తేనె రంగుకి, తర్వాత ముదురు గోధుమకి, ఆఖరికి ఇంచుమించు నలుపుకి తిరుగుతుంది. దాన్ని పులుపు పెట్టి లాగేస్తే కింద నుంచి పాత మెరుపు తిరిగి రాదు, గులాబీకీ నారింజకీ మధ్య ఒక పచ్చి రంగు బయటపడుతుంది. తెలిసినవాళ్ళు బల్ల అవతల నుంచే గుర్తుపట్టి మొహం తిప్పుకుంటారు. అసలు తమాషా ఏంటంటే, నాణెం నల్లగా ఉంటే అది మురికే అని చెప్పడానికి కూడా లేదు. 1897 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళ పాటు ఫార్దింగుల్ని (పెన్నీలో నాలుగో వంతు నాణేలు) టంకశాలవాళ్ళే పనిగట్టుకుని నల్లబరిచారు, ఎందుకంటే కొత్త ఫార్దింగు మెరుపులోనూ సైజులోనూ బంగారు అర సావరిన్‌కి దగ్గరగా ఉండి జనం మోసపోయేవాళ్ళు. అమ్మ చేతికి ఫార్దింగుల డబ్బా దొరకలేదు, అదొక్కటే అదృష్టం.

కానీ ఆ రాత్రి ఆ పదకొండూ ముందేసుకుని కూర్చున్నప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది. నాకు ఇంత బాధ దేనికి? పెద్ద ధర పలికేవా అంటే కావు, సంతలో ఒక్కోటి కాఫీ ఖరీదు కూడా చేయదు. అన్నీ బాగా అరిగినవి, నా సొంత చీటీల్లో 'ఫైన్' అని రాసుకున్నవి. పోయింది డబ్బు కాదని తేలాక, మరి పోయిందేంటి అని ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఈ గ్రేడింగు మతం మీదే నాకు తిరుగుబాటు మొదలైంది. గ్రేడు కట్టడం రావాలి, అది రాకపోతే నిలువునా ముంచేస్తారు. కానీ గ్రేడు ఎక్కువున్న నాణెమే గొప్ప నాణెం అనే మాటని మాత్రం నేను ఒప్పుకోను.

గ్రేడంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం కొంచెం. నాణెం ఎంత అరిగిందో, ఎంత బాగా మిగిలిందో చెప్పే మాట అది. బ్రిటన్‌లో దీన్ని మాటల్లో చెప్తారు. కింద నుంచి పైకి పూర్, ఫెయిర్, గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్. ఇందులో 'గుడ్' దగ్గర కొత్తవాళ్ళందరూ బోల్తాపడతారు. గుడ్ అంటే బాగున్నట్టు కాదు. గుడ్ నాణెం మీద రాణిగారు గోడ మీద నీడలా ఉంటుంది, అంతే. మనవైపు పెళ్ళిచూపుల నుంచి వచ్చి "పర్లేదండీ" అంటారే, అలాంటి గుడ్. మళ్ళీ అదే గుడ్‌ని తెచ్చి వెరీ ఫైన్ ముందు తగిలిస్తే, మామూలు వెరీ ఫైన్ కన్నా కాస్త మెరుగని అర్థం. ఈ భాష వంటబట్టడానికి నాకు ఏడాది పట్టింది.

చూసే పద్ధతి మాత్రం చక్కటిది, అది నేర్చుకున్నందుకు నేను ఎప్పుడూ చింతించలేదు. నాణేన్ని అంచులు పట్టుకుని ఒకే దీపం కింద మెల్లగా వంచి తిప్పాలి. వాడని నాణెమైతే వెలుగు బండిచక్రం ఆకుల్లా దాని మీద తిరుగుతుంది. తోమిన నాణెమైతే అలా తిరగదు, అద్దం ముక్కలా ఒక్కసారి మెరిసి ఊరుకుంటుంది. తర్వాత ఎత్తుగా ఉన్న చోట్లు చూడాలి, ఎందుకంటే అరుగుదల అక్కడే మొదలవుతుంది. 1895 నుంచి వచ్చిన ముసుగు విక్టోరియా పెన్నీ అయితే బొమ్మ వైపు చెవి పైన జుట్టు, ముసుగు మడతలు. బొరుసు వైపు కూర్చున్న బ్రిటానియా (బ్రిటన్ దేశానికి గుర్తుగా చెక్కే స్త్రీ బొమ్మ) శిరస్త్రాణం, రొమ్ము, మోకాలు. అంచు మీద దెబ్బలున్నాయా, కింద పడిన గుర్తులున్నాయా, సన్నటి వెంట్రుకల్లాంటి గీతలున్నాయా (ఉంటే ఎవరో తుడిచారన్నమాట), పచ్చ చిలుము పట్టిందా, ఇలా. భూతద్దం ఆఖర్న తియ్యాలి, ముందే తీస్తే చెట్టు తప్ప అడవి కనపడదు.

ఇక్కడే చిక్కు. ఐదో జార్జి పెన్నీలు, ముఖ్యంగా మొదటి ప్రపంచ యుద్ధం నాటివి, ఎప్పుడైనా చూశారా? వాటి మీద బ్రిటానియా పుట్టుకతోనే అరిగిపోయి ఉంటుంది. రాజుగారి తల మరీ ఎత్తుగా, పెద్దగా చెక్కారు. అచ్చు పడినప్పుడు లోహమంతా ఆయన తల నింపడానికే పోయి, అవతలి వైపు ఆవిడకి మిగల్లేదు. కొన్నిటి మీద రాజు తల ఆకారం బొరుసు వైపుకి దెయ్యంలా మసకమసకగా కనిపిస్తుంది. దీన్ని సరిచెయ్యడానికి 1926లో తలని కొంచెం మార్చారు, 1928లో చిన్నది చేశారు. అంటే 1915 నాటి పెన్నీ ఒకటి ఎవరి జేబులోనూ ఒక్క పూట లేకపోయినా అరిగినట్టే ఉండచ్చు. అది అరుగుదలా, అచ్చు సరిగ్గా పడకపోవడమా అని తేల్చడం చూపుకి సంబంధించిన పని, కొంతవరకు వాదనకి సంబంధించిన పని. ఇద్దరు పాతకాపులు ఒకే నాణెం మీద అరగంట వాదించుకోవడం నేను చూశాను. చివరికి టీ తాగి వేరే విషయంలోకి వెళ్ళారు.

అలాంటి వాదనని ఒక అంకెలోకి కుదించి, ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, మూత అతికించి అమ్మడం అమెరికాలో 1980ల నడుమ మొదలైంది. ఇప్పుడు ఇంగ్లండులో కూడా ఖరీదైన నాణేలు చాలా ఆ పెట్టెల్లోనే వస్తున్నాయి. ఒకటి నుంచి డెబ్భై దాకా మార్కులు. 64కీ 65కీ మధ్య నా కంటికి తేడా తెలియదు, ధరలో మాత్రం బోలెడంత తెలుస్తుంది. డెబ్భై అంకె ఎక్కడి నుంచి వచ్చిందంటే, విలియం షెల్డన్ అనే అమెరికన్ 1949లో పాత అమెరికా రాగి సెంట్ల కోసం కట్టిన లెక్క అది. అప్పటి ధరల ప్రకారం ఒకటో గ్రేడు నాణేనికి రూపాయి అయితే డెబ్భయ్యో గ్రేడుకి డెబ్భై రూపాయలు అన్న మాట. అంటే అది పుట్టిందే ధరగా, కొలతగా కాదు. ఆ ధరల నిష్పత్తి కొన్నాళ్ళకే చెల్లకుండా పోయింది, అంకె మాత్రం శాస్త్రమైపోయి కూర్చుంది. షెల్డన్ అసలు వృత్తి సైకాలజీ. మనుషుల శరీరాల్ని చూసి మూడంకెల మార్కులు వేసి, దాన్నిబట్టి వాళ్ళ స్వభావం చెప్పచ్చు అన్న మనిషి కూడా ఆయనే. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ అనే నాణేల సంఘం సేకరణలోంచి మంచి సెంట్లు తీసుకుని వాటి చోట నాసిరకంవి పెట్టాడని ఆయన పోయాక తేలింది. గ్రేడు కట్టడం బాగా తెలిసినవాడు కదా మరి.

సరే, అసలు గొడవకొస్తాను. గ్రేడింగు లెక్కలో అన్నిటికన్నా పైనుండేది ఏది? ఎవరూ ఖర్చుపెట్టని నాణెం. నాణెం పుట్టిందే ఖర్చు కావడానికి, ఆ ఒక్క పనీ చెయ్యనిదానికి మనం అగ్రతాంబూలం ఇస్తున్నాం. నా దగ్గర 1887 నాటి వెండి అర క్రౌను ఒకటుంది, దాదాపు కొత్తది. విక్టోరియా యాభై ఏళ్ళ ఉత్సవాల సంవత్సరం అది, జనం గుర్తుగా దాచుకున్నారు కాబట్టి ఆ ఏటివి మంచి స్థితిలో బోలెడు దొరుకుతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ దాని గురించి చెప్పడానికి నాకు నిజంగా ఏమీ లేదు, సొరుగులోంచి సొరుగులోకి వెళ్ళిన నాణెం.

ఇప్పుడు దీనికి అవతలి కొస. బ్రిటిష్ మ్యూజియంలో 1903 నాటి పెన్నీ ఒకటుంది, ఏడో ఎడ్వర్డ్ తల మీద అడ్డంగా, అక్షరం అక్షరం సుత్తితో కొట్టి, 'వోట్స్ ఫర్ విమెన్' అని అచ్చు వేశారు. ఆడవాళ్ళ ఓటు కోసం పోరాడిన రోజుల పని. పెన్నీ ఎందుకంటే, పెన్నీ అన్ని చేతుల్లోకీ వెళ్తుంది, అంత చిన్న డబ్బుని ఏ బ్యాంకూ పనిగట్టుకుని ఏరి పక్కన పెట్టదు. 1918లో ముప్ఫై దాటిన కొందరు ఆడవాళ్ళకి ఓటొచ్చింది, మగవాళ్ళతో సమానంగా రావడానికి 1928 పట్టింది. గ్రేడింగు పుస్తకం తెరిచి చూస్తే ఈ పెన్నీ 'పాడైపోయినది'. మార్కులు వెయ్యడానికే పనికిరానిది. ఆ మాట అనగలిగిన కొలబద్దని నేను ఎంతవరకు నమ్మాలి?

ఇదంతా విని మా ఫ్రెండు ఒకడు, గుంటూరు వాడు, నవ్వుతాడు. "బావా, నువ్వు అరిగినవి కొనుక్కో, నేను సావరిన్లు కొనుక్కుంటా, పదేళ్ళ తర్వాత చూద్దాం." వాడి లెక్కలో తప్పులేదు. సావరిన్ బ్రిటన్‌లో చెలామణీ నాణెం కిందే లెక్క కాబట్టి అమ్మినప్పుడు లాభం మీద పన్ను లేదు, బంగారం 2025లో ఎలా పరిగెత్తిందో అందరం చూశాం. నేను వాడికి చెప్పేదొక్కటే. సావరిన్ బరువు 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. మనవాళ్ళు కాసు అంటే ఎనిమిది గ్రాములు అనే లెక్కకి ఎంత దగ్గరో చూడు. మా అమ్మమ్మ కాసులపేరులో రాజు తల ఉన్న నాణేలు నాలుగు ఉండేవి. ప్రతిదానికీ పైన కొక్కెం అతికించి ఉండేది. ఇక్కడి డీలరు ముందు పెడితే 'అతుకు గుర్తుంది, బంగారం బరువుకి తీసుకుంటా' అంటాడు. అమ్మమ్మ యాభై ఏళ్ళు మెడలో వేసుకున్న మాట అతని చీటీలో లోపం కింద పడుతుంది. వాడు దీనికి "అదంతా సెంటిమెంటు బావా" అంటాడు. సెంటిమెంటే. మరి మిగతాది మాత్రం ఏంటి? వట్టి లోహమే కావాలంటే బ్యాంకులో బిళ్ళలు అమ్ముతారు, నాణేలు ఎందుకు?

లోహం సంగతి వచ్చింది కాబట్టి వెండి. నెలకో ఆదివారం బర్మింగ్‌హామ్ శివార్లలో నాణేల సంత జరుగుతుంది. అక్కడ నాణేల కన్నా వార్తల మీద మాటలే ఎక్కువ. 2025 అక్టోబరులో వెండి ఔన్సు 50 డాలర్లు దాటినప్పుడు ఆ హాలు సంగతి చూడాలి. మామూలుగా పెట్టెల్లో ఏరుకునే 1947కి ముందు నాటి వెండి నాణేలు, షిల్లింగులు, ఫ్లోరిన్లు, అర క్రౌన్లు అన్నీ త్రాసు పక్కకి చేరాయి. ఎవరి తల, ఏ సంవత్సరం, ఏ గ్రేడు, ఎవరూ చూడట్లేదు, కిలోల లెక్క. కరిగించడానికే. పాతవాళ్ళకి ఇదేం కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక వెండి ఎంత పెరిగిందంటే షిల్లింగులో ఉన్న వెండి షిల్లింగు కన్నా ఎక్కువ ఖరీదైంది. అందుకని 1920లో బ్రిటిష్ ప్రభుత్వం నాణేల్లో వెండిని 92.5 శాతం నుంచి సగానికి దింపేసింది. రెండో యుద్ధంలో అమెరికా దగ్గర అప్పుగా తెచ్చిన వెండి తిరిగివ్వాల్సి వచ్చి 1947 నుంచి అదీ తీసేసి రాగి-నికెల్ మిశ్రమం పెట్టారు. ఆ 1947లోనే మన దగ్గరా నికెల్ రూపాయి వచ్చింది. బిళ్ళ రూపాయలు కరిగించి కాళ్ళ పట్టీలు చేయించుకున్న కథలు మన ఇళ్ళలో లేనిదెక్కడ.

సంతలో ఎప్పుడూ బల్ల వేసి నాణేలు అమ్మే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, డెబ్భై దాటాయి. ఆయనది ఒకటే పాట: ఎప్పుడు వెండి తగ్గించారో అప్పుడే దేశం పాడైంది, అక్కడి నుంచే ధరల పెరుగుదల మొదలు. విన్నప్పుడు నిజమేననిపిస్తుంది. కానీ 1920లో వెండి సగమయ్యాక, 1921, 22లలో బ్రిటన్‌లో ధరలు పెరగలేదు, బాగా పడిపోయాయి. పలచన నాణెమే అంతకుముందు కన్నా ఎక్కువ రొట్టె కొనిపెట్టింది. ఈ మాట ఆయనకి చెప్పాను. "నువ్వు చదువుకున్నవాడివి" అన్నాడు, పొగడ్తగా తీసుకోవాలో లేదో తెలియలేదు.

ఆయనకి ఇంకో పాట కూడా ఉంది, ఇమిగ్రేషన్. ఇక్కడ స్థిరపడే హక్కుకి ఐదేళ్ళ బదులు పదేళ్ళు ఉండాలని 2025 మేలో ప్రభుత్వం ప్రతిపాదన పెట్టినప్పటి నుంచి మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే టెన్షన్. ఆయనకేమో అదీ చాల్లేదు. ఇంతమంది ఎందుకొస్తున్నారు అంటాడు, నా మొహం చూస్తూ, నిన్ను కాదులే అన్నట్టు చెయ్యి ఊపుతూ. ఒకసారి అలా అంటూనే నేను ఏరుకున్న ఆరో జార్జి పెన్నీ చేతికిచ్చాడు, 1948ది. నేను దాన్ని తిప్పి, రాజు తల చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాల్లో చివరి ముక్క మీద గోరు పెట్టి చూపించాను. 'ఇండ్ ఇంప్'. అంటే ఇండియా చక్రవర్తి. 1893 నుంచి బ్రిటిష్ నాణేల మీద ఆ ముక్క ఉంది. మనకి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు కూడా నాణేల మీద అలాగే ఉండిపోయింది, 1949 నుంచి గానీ తియ్యలేదు. "మీ రాజుగారు మా ఊరికి ఎందుకొచ్చాడో ఇది చూస్తే గుర్తొస్తుంది" అన్నాను. ఆయన కళ్ళద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూశాడు. నలభై ఏళ్ళుగా అమ్ముతున్నాను, ఎప్పుడూ చదవలేదు అన్నాడు. తర్వాత, "ఇది వెరీ ఫైనే కదా, యాభై పెన్సు" అన్నాడు. ఫైన్‌కి కాస్త పైన, అంతే, అని నేను బేరమాడాను. ఇచ్చేశాడు.

ఆ పెన్నీలో కంచు తప్ప ఏం లేదు, ఆ గ్రేడు నాణేన్ని ఎవరూ ఖర్చు పెట్టి అమెరికన్ కంపెనీ పెట్టెలో పెట్టించరు. నా డబ్బాలో అన్నిటికన్నా ఎక్కువసార్లు బయటికి తీసి చూపించేది మాత్రం దాన్నే.

ఈ ఊరివాణ్ణి కాబట్టి మరొకటి చెప్పకుండా ఉండలేను. బర్మింగ్‌హామ్‌లోనే మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాల ఉండేది, ఆవిరియంత్రంతో నాణేలు కొట్టారు. 1797లో ఇక్కడ చేసిన రెండు పెన్నీల నాణెం సరిగ్గా రెండు ఔన్సులు, జేబుకి చిల్లుపెట్టే బరువు. అంతకు ముందే, 1794లో, ఈస్టిండియా కంపెనీ కోసం ఇక్కడే ఉత్తర సర్కారులకి రాగి నాణేలు చేశారు, రూపాయికి 48 అని దాని మీదే రాసి ఉంటుంది. ఉత్తర సర్కారులంటే గుంటూరు, మచిలీపట్నం, రాజమండ్రి, విశాఖపట్నం. మనం డబ్బు అనే మాట ఒకప్పుడు ఇలాంటి రాగి బిళ్ళ పేరే. నేను బస్సెక్కే వీధికి మూడు మైళ్ళ దూరంలో పుట్టి, మా తాతల తాతల చేతుల్లో అరిగిన బిళ్ళ అది. నాకు దొరికినది ఎంత అరిగిందంటే ఏటిదో పైకి ఎత్తి వెలుగులో పెడితే గానీ తెలియదు. దాని తోబుట్టువులు ఇంకోరకంవి ఉన్నాయి: 1808లో సోహోలోనే మద్రాసు కోసం చేసిన పది కాసుల, ఇరవై కాసుల రాగి నాణేలు (బంగారు కాసు కాదు, చిల్లర కాసు) టన్నులకొద్దీ ఎక్కించుకుని బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో కెంట్ తీరం దగ్గర గుడ్‌విన్ ఇసుకతిప్పల్లో మునిగిపోయింది. 1980లలో బయటికి తీశారు. కొన్ని ఇప్పటికీ నిగనిగలాడుతూ ఉంటాయి, సంతలో పెద్ద ధర లేకుండానే దొరుకుతాయి. ఎవరి చెయ్యీ తగలనివి, గ్రేడు ప్రకారం అరిగిన బిళ్ళ కన్నా ఎంతో పైన. రెండూ కొన్నాను. చేతిలోకి ఏది తీసుకుంటానో మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చేతుల్లో అరిగే నాణేలే లేకుండా పోతున్నాయి. 2024లో బ్రిటిష్ ప్రభుత్వం ఒకటి, రెండు పెన్నీలు కొత్తవి చెయ్యమని ఆర్డరే ఇవ్వలేదు. 2025 నవంబరులో అమెరికా తన సెంటుని ఆపేసింది. మా పిల్లాడికి పదకొండేళ్ళు, చిల్లర ఇచ్చి ఏదన్నా కొన్నది నేను చూడలేదు. వాడి తరం నాణేలన్నీ ఉత్తరోత్తరా అన్‌సర్క్యులేటెడ్ అయి ఉంటాయి, అన్నిటికీ పెద్ద మార్కులే పడతాయి.

అమ్మ తోమిన పదకొండు పెన్నీలు నేను అమ్మలేదు. కిటికీ దగ్గర గాజు పళ్ళెంలో పెట్టాను. మూడేళ్ళకి గులాబీ పోయి కొంచెం కొంచెం గోధుమ రంగు ఎక్కుతోంది, 1897ది అన్నిటికన్నా ముందుంది. ఒక్కోదానికి పాత చీటీ కింద కొత్త లైను రాశాను: 'ఫైన్. చింతపండుతో తోమినది, తోమింది అమ్మ.' మొన్న వీడియో కాల్‌లో ఆ పళ్ళెం వెనకాల కనపడినట్టుంది, అమ్మ కళ్ళు చికిలించి చూసి, "అప్పుడే మళ్ళీ నల్లబడ్డాయేంట్రా, ఈసారి వచ్చినప్పుడు ఇంకొంచెం ఉప్పేసి తోముతాలే" అంది.